మనోళ్ళ రూం ఎందుకు వద్దన్నానంటే

పోయిన వారం ఎర్రగుంట్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా కాలేజీలోనే నా వెనక బ్యాచ్‌. మెరైన్ ఎకాలజీ చదవడానికి ఒక సెమిస్టర్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్ళే అవకాశం, ఇంతకుముందు నాకు వచ్చినట్టే, ఈసారి తనకొచ్చింది. క్లాసులు ఎట్లా ఉంటాయి, సముద్రంలోకి ఎప్పుడెప్పుడు తీసుకుపోతారు, సొరచేపలు కనిపిస్తాయా అని అడుగుతుందనుకున్నాను. "అక్కా, ఆడ మనోళ్ళు ఉండారా? మనోళ్ళ రూం ఏదన్నా చూసి పెడతావా?" అని అడిగింది.

ఉన్నారు, నంబర్లు పంపిస్తాను, రూం మాత్రం వాళ్ళతో తీసుకోవద్దు అన్నాను. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "అట్లంటావేం పాపా, ఆడపిల్ల కదా, తెలిసినోళ్ళ మధ్య ఉంటేనే కదా మాకు నిద్ర పట్టేది" అంది. న్యాయమైన మాట. మా అమ్మ కూడా అప్పట్లో అదే అంది. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ళ మాస్టర్స్‌కు పోయేవాళ్ళ గురించి నేను మాట్లాడడం లేదు. ఒక్క సెమిస్టర్ కోసం, అందులోనూ సముద్రం చదవడానికి పోయేవాళ్ళు మనోళ్ళ ఇంట్లో దిగిపోతే వెళ్ళిన పనిలో సగం పోగొట్టుకుంటారని నా నమ్మకం. అక్కడ మనకంటూ నలుగురు కావాలంటే భాషను వెతుక్కుంటూ కాదు, పనిని వెతుక్కుంటూ పోవాలి.

మనోళ్ళు చేసిన మేలు

ముందు వాళ్ళ మంచి చెప్పాలి. నేను పెర్త్‌లో దిగింది జూలైలో, రాత్రిపూట. అక్కడ అది చలికాలం. పెర్త్‌లోనే కానింగ్టన్ అనే పేటలో ఉండే తెలుగు పిల్లలు ఎయిర్‌పోర్టుకు కారేసుకుని వచ్చారు. నన్ను అంతకుముందు చూసింది లేదు. మా మామ స్నేహితుడి కొడుకు చెప్పిన ఒక్క మాట మీద వచ్చారు. ఇంటికి తీసుకుపోయి వేడి అన్నంలో పప్పు, చెనిక్కాయల పొడి వేసి పెట్టారు. రూం దొరికేదాకా ఉంచుకున్నారు. డబ్బులిస్తానంటే కోప్పడ్డారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

అదే ఇంట్లో కూర్చుని విన్న మాటలు కూడా చెప్పాలి. ఎవరికి ఏ షిఫ్టు పడింది, పీఆర్‌కు, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, పాయింట్లు ఎన్ని వస్తాయి, ఏ ఏజెంటు డబ్బు తీసుకుని మొహం చాటేశాడు, ఊళ్ళో బ్యాంకు వాళ్ళు నాయన దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చిన పిల్లలు వాళ్ళు. పొద్దున క్లాసు, రాత్రి గిడ్డంగిలో పని. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు వండిపెట్టే ఆ ఇల్లు లేకపోతే వాళ్ళలో సగం మంది నిలబడలేరు. వాళ్ళకది కావాలి. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నా పరిస్థితి వేరు. ఎక్స్‌చేంజ్‌, అంటే కాలేజీల మధ్య విద్యార్థుల మార్పిడి, కాబట్టి ట్యూషన్ ఫీజు మా కాలేజీకే కట్టాను. డిసెంబరు రిటర్న్ టికెట్ చేతిలోనే ఉంది. అక్కడ స్థిరపడాలని వచ్చినవాళ్ళ కష్టాలే రోజూ వింటూ ఉంటే, నాలుగు నెలల్లో నేను చూడాల్సింది నా కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోతుందని మొదటి వారంలోనే అనిపించింది.

ఇంకొకటి ఉంది. ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళు ఏ ఊరని అడిగాక, తర్వాత అడిగేది ఇంటిపేరు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో కడప జిల్లాలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. జవాబును బట్టి మనల్ని ఏ వాట్సాప్ గ్రూపులో చేర్చేదీ, పండక్కి ఎవరింటికి పిలిచేదీ తేలిపోతుంది. నన్ను ఉంచుకున్న పిల్లలు అలాంటివాళ్ళు కారు. కానీ ఆ లెక్క వాళ్ళ గడప దగ్గరే కాచుకుని ఉంది. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ అదే లెక్కలో కూర్చోవడానికి నా మనసు ఒప్పుకోలేదు.

నీళ్ళలో జత

యూనివర్సిటీకి నడిచిపోయేంత దూరంలో ఒక షేరింగ్ ఇల్లు దొరికింది. అద్దె ఎక్కువే. నాతోపాటు నార్వే అబ్బాయి ఒకడు, ఇండోనేషియాలోని మకస్సర్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, అక్కడి వీట్‌బెల్ట్‌లో రైతు కూతురు ఒకరు. ఈ నలుగురిలో సముద్రం పక్కన పుట్టినవాళ్ళు ఇద్దరే. వీట్‌బెల్ట్ అమ్మాయికీ నాకూ సముద్రం అంటే సెలవుల్లో చూసి వచ్చేదే.

వాళ్ళది గోధుమ పండే మెట్ట ప్రాంతం. వేళ్ళు లోతుకు దిగే చెట్లను కొట్టేసి గోధుమ వేయడంతో నేలలోని నీటిమట్టం పైకి లేచింది, దాంతోపాటు ఉప్పు కూడా లేచి ఎన్నో పొలాలు తెల్లబడిపోయాయి. వాళ్ళ నాయన రోజూ పొద్దున వాన కొలిచే గొట్టం చూశాకే కాఫీ తాగుతాడంట. మా జేజి జూన్ నెలంతా పడమటి మబ్బు చూస్తూ వాకిట్లోనే కూర్చునేది. ఆ ముచ్చట చెప్పుకున్న రోజు నుంచి మా ఇద్దరికీ ఇంకో పరిచయం అక్కర్లేకపోయింది. అనంతపురం పిల్లతోనో నంద్యాల పిల్లతోనో కలిసినంత తేలిగ్గా ఆ అమ్మాయితో కలిశాను. కరువు సీమలన్నిటికీ చుట్టరికం ఉందని అప్పుడే తెలిసింది.

అసలు స్నేహం మాత్రం నీళ్ళలో కుదిరింది. ఫీల్డ్ క్లాసుకు ముందు ఈత పరీక్ష పెడతారు. మా వైపు మగపిల్లలు నడుముకు బెండు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకుంటారు, ఆడపిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు. నేను వెళ్ళే ముందు డబ్బు కట్టి నేర్చుకున్నాను. అయినా స్విమ్మింగ్ పూల్ వేరు, అల వేరు. అక్కడ ఎవ్వరినీ ఒంటరిగా నీళ్ళలోకి పంపరు. ఇద్దరిద్దరిని జత చేస్తారు. దిగే ముందు ఒకరి మాస్కు, పట్టీలు ఇంకొకరు లాగి చూడాలి. నా జత మకస్సర్ అమ్మాయి.

మా పని సముద్రపు గడ్డిని లెక్కపెట్టడం. నాచు కాదది. పూలు పూసి కాయలు కాసే మొక్క. ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన చదరం, దాన్ని క్వాడ్రాట్ అంటారు, అడుగున పెట్టి లోపల ఎన్ని మొలకలున్నాయో ఒకరు లెక్కపెడితే ఇంకొకరు పలక మీద పెన్సిల్‌తో రాయాలి. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుని అదే చదరాన్ని మళ్ళీ లెక్కపెట్టాలి. ఒకసారి నా లెక్కకూ తన లెక్కకూ పొంతనే కుదరలేదు. పడవలోకి ఎక్కి, చలికి వణుకుతూ, నీదే తప్పంటే నీదే తప్పని వాదించుకున్నాం. వేరు దగ్గర జంటగా మొలిచినదాన్ని నేను రెండుగా చూస్తున్నాను, తను ఒకటిగా చూస్తోంది. లెక్చరర్ ఇద్దరి మాటా విని, ముందు నియమం ఒకటి పెట్టుకోండి, పెట్టుకున్నాక మళ్ళీ దిగండి అంది. మళ్ళీ దిగాం. ఆ రాత్రి ఇంట్లో నేను ఎర్రకారం దోశలు పోస్తే తను ఎన్ని తిందో చెబితే దిష్టి తగులుతుంది.

ఎవరి భాష ఏదైనా నీళ్ళలో మాట పనికిరాదు. చేతి సైగలే. ఊపిరి బాగుందా, పైకి పోదామా, నా వెనక రా. పక్కమనిషిని నమ్మడం తప్ప వేరే దారి లేని చోట మనుషులు ఎంత త్వరగా దగ్గరవుతారో నేను అక్కడే చూశాను. సాయంత్రం ఇల్లు చేరాక తలుపేసుకుని తెలుగు సినిమా పెట్టుకుని ఉంటే ఆ నమ్మకం పడవ దిగగానే ఆరిపోయేది. పొద్దున నీళ్ళలో జత, రాత్రి గిన్నెల దగ్గర జత. రెండూ ఒకరితోనే అయినప్పుడు చదువు వేరు, బతుకు వేరు కాకుండా పోయింది.

నాయన పంపిన ఫోటో

సెప్టెంబరులో మమ్మల్ని షార్క్ బే తీసుకుపోయారు. పెర్త్‌కు ఉత్తరాన ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరం. 1991 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడి హామెలిన్ పూల్ అనే మూలలో నీళ్ళు బయటి సముద్రానికి రెండింతలు ఉప్పగా ఉంటాయి. గడ్డి పట్టి పెరిగిన ఇసుకమేట అడ్డంగా ఉండటంతో నీళ్ళ రాకపోకలు తక్కువ, ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ. ఆ ఉప్పులో నత్తల్లాంటి మేసే జీవులు బతకడం కష్టం. అందుకని సూక్ష్మజీవులు నిశ్చింతగా పొర మీద పొర వేసుకుంటూ రాతి దిమ్మెలు కట్టుకుంటాయి. వాటినే స్ట్రోమటోలైట్లు అంటారు. ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు. వందేళ్ళ కిందట ఉన్ని మూటలను ఓడల దగ్గరికి చేరవేసిన బండ్ల చక్రాల జాడలు ఆ పొరల మీద ఇంకా చెరిగిపోలేదు.

ఇలాంటివి మీ దేశాల్లో ఎవరైనా చూశారా అని లెక్చరర్ అడిగింది. మా జిల్లాలో ఉన్నాయన్నాను. బతికున్నవి కావు, రాళ్ళయిపోయినవి. వెంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాళ్ళలో. భూగర్భ శాస్త్రంలో ఆ రాతిపొరను పిలిచేదే వెంపల్లె పేరుతో. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. గుంపంతా నా వైపు తిరిగింది.

ఆ రాత్రి షార్క్ బేలోని డెన్‌హామ్ అనే చిన్న ఊళ్ళో సిగ్నల్ అందగానే నాయనకు ఫోన్ చేశాను. మరుసటి రోజు ఆయన స్కూటర్ మీద వెంపల్లె పోయి, తెలిసినాయనను వెంటబెట్టుకుని, రోడ్డు పక్క గుట్టలో గుండ్రటి చారలున్న రాయిని వెతికి ఫోటో తీసి పంపాడు. కొలత తెలియడానికి పక్కన ఏదైనా పెట్టమన్నాను కదా, స్కూటరు తాళం పెట్టాడు. నా ఫోన్ చేతులు మారుతూ గది అంతా తిరిగింది. లెక్చరర్ ఆ ఫోటోను పెద్దది చేసి, చారల మధ్య దూరం చూపిస్తూ, ఈ రాత్రి క్లాసు నువ్వే చెప్పు అంది. కడప రాళ్ళ గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. గండికోట ఎర్రరాయిలో అలల జాడలున్నాయని చెప్పాను. మా నాయన నాపరాయి పాలిష్ యూనిట్‌లో కోసే రాయి కూడా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదేనని చెప్పాను. చిన్నప్పటి నుంచి ఆ రాతి ధూళి మా ఇంట్లో మంచాల మీద, గిన్నెల మీద పడుతూనే ఉంది. దాని గురించి కూర్చుని వినేవాళ్ళు నాకు దొరికింది మాత్రం డెన్‌హామ్‌లోనే.

ఎర్రగుంట్ల అమ్మాయికి అన్నిటికంటే ముందు చెప్పాలనుకున్నది ఇదే. మనోళ్ళ మధ్య ఉంటే మన ఊరి గురించి ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేదు కాబట్టి. కడప అనగానే ఫ్యాక్షన్ జోకు ఒకటేసి నవ్వుతారు, అంతటితో మన జిల్లా అయిపోతుంది. తెలియనివాళ్ళ మధ్య ఉంటే మొదటి నుంచి చెప్పుకోవాలి. చెప్పాలంటే మనం తెలుసుకోవాలి. వెంపల్లె రాళ్ళ గురించి నేను సరిగ్గా చదివింది షార్క్ బేలో ఆ ప్రశ్న ఎదురైన తర్వాతే.

నాలుగు నెలల్లో ఏం కడతాం?

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది, దాన్ని దాటేసి పోలేను.

షార్క్ బే అసలు పేరు గాథాగూడు. అక్కడి మూలవాసులు మల్గానా ప్రజలు. 2010-11 వేసవిలో సముద్రం మామూలు కంటే బాగా వేడెక్కి దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్ల గడ్డి దెబ్బతింది. ఇప్పుడు మల్గానా రేంజర్లు యూనివర్సిటీ శాస్త్రవేత్తలతో కలిసి ఆ గడ్డిని మళ్ళీ పట్టించే పని చేస్తున్నారు. అందులో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. గోనెపట్టాతో కుట్టిన పొడవాటి ఇసుక సంచులను అడుగున పరుస్తారు. అక్కడి ఒక రకం గడ్డి పిల్లమొక్కలకు మొదట్లో కొక్కెం లాంటిది ఉంటుంది. నీళ్ళలో కొట్టుకుపోతూ అవి ఆ గోనెకు తగులుకుని అక్కడే వేరూనుతాయి.

మాకు ఆ సంచులు చూపించిన రేంజర్‌కు మా నాయన వయసు ఉంటుంది. అంతా చెప్పి, మీరు ఎప్పుడు వెళ్ళిపోతారు అని అడిగాడు. డిసెంబరులో అన్నాం. మీరు పోయాక వీటిని చూడటానికి ఎవరొస్తారు అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అదే సముద్రంలో 180 కిలోమీటర్ల మేర పరుచుకున్న గడ్డి అంతా ఒకే మొక్క అని 2022లో తేల్చారు. తక్కువలో తక్కువ 4,500 ఏళ్ళుగా పెరుగుతోందని అంచనా. అంత ఓపిక ఉన్న చోటికి నాలుగు నెలలకు వచ్చి, ఇక్కడ నాకు సొంతవాళ్ళు ఏర్పడ్డారు అనడం ఎంతవరకు నిజం? ఫోటోలు తీసుకుని, కౌగిలించుకుని, వెళ్ళిపోయేవాళ్ళను ఆయన ఎంతమందిని చూసి ఉంటాడు?

చాలా రోజులు ఇదే ఆలోచించాను. నాకు కొంత నిలకడ ఇచ్చింది మా లెక్చరర్ దగ్గరున్న ఫీల్డ్ పుస్తకాలు. ఏటా వచ్చే విద్యార్థులు అవే చోట్ల, అదే నియమంతో కొలిచి రాసిన లెక్కలు వాటిలో ఉన్నాయి. మాకంటే ముందు వచ్చినవాళ్ళ చేతిరాత చూసి ఆ చోటు పట్టుకున్నాం. మా తర్వాత వచ్చేవాళ్ళు మా రాత చూసి పట్టుకుంటారు. అంటే నాలుగు నెలల్లో మనం కొత్తగా ఏదీ కట్టలేం. ముందే నడుస్తున్న పనిలో మన వంతు తీసుకోగలం, వంతు సరిగ్గా చేసి అప్పగించగలం. రేంజర్ అడిగినదానికి ఇది పూర్తి జవాబు కాదు. కానీ ఈ మాత్రం చేయాలన్నా అక్కడి పనిలోకి దిగాలి, అక్కడి మనుషుల దగ్గర కూర్చోవాలి.

నవంబరులో పరీక్షలయ్యాక నేను ఆ పనిని ఇంకా దగ్గరగా చూశాను. పెర్త్ దక్షిణాన కాక్‌బర్న్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. 1955లో క్వినానాలో ఆయిల్ రిఫైనరీ వచ్చింది, వెనకాలే ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి నుంచి వచ్చిన కలుషితాలతో అక్కడి గడ్డిలో దాదాపు 80 శాతం పోయింది. స్నాపర్ చేపలు గుంపులుగా చేరి గుడ్లు పెట్టే చోటు అది. గాలం వేసే సరదా మనుషులు, డైవర్లు, పిల్లాజెల్లా అంతా కలిసి యూనివర్సిటీ వాళ్ళతోపాటు అక్కడ గడ్డి విత్తనాలు చల్లుతారు. ఆ కార్యక్రమం పేరు సీడ్స్ ఫర్ స్నాపర్. కాయలు పచ్చి వేపకాయల్లాగా ఉంటాయి. డైవర్లు వాటిని వలసంచుల్లో కోసుకొస్తారు. తొట్లలో పోసి నీళ్ళు తిప్పుతూ ఉంటే కాయ పగిలి తొక్క పైకి తేలుతుంది, విత్తనం అడుక్కి చేరుతుంది. అది ఎన్నాళ్ళో ఆగదు, వెంటనే పడవల్లో తీసుకుపోయి చల్లేయాలి.

నేను పోయిన మొదటి పొద్దున తొట్టి దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళలోనే చేపలు పట్టినవాడు. ఏ దేశమని అడగలేదు. గ్లవ్స్ చేతిలో పెట్టి, తొక్కలు ఎట్లా తీయాలో చూపించి, తన పక్కన చోటిచ్చాడు. టీ తాగేటప్పుడు అడిగాడు ఎక్కడి నుంచని. ఇంటిపేరుతో మొదలైన పరిచయాలకూ ఈ పరిచయానికీ ఉన్న తేడా అక్కడ నిలబడి ఉంటే చేతులకే తెలిసింది.

డబ్బు, భయం

ఎర్రగుంట్ల అమ్మాయి వాళ్ళమ్మ అన్న మాటకు ఇప్పుడొస్తాను. భయం ఉత్తదేమీ కాదు. ఒక సాయంత్రం బస్టాపులో ఒకడు తాగి నా మీద అరిచాడు. మీ దేశం పో అన్న రకం మాటలు. కాళ్ళు వణికాయి. అప్పుడు ఫోన్ చేసింది కానింగ్టన్ ఇంటికే. షిఫ్టుకు బయలుదేరుతున్న పిల్లాడు కారు తిప్పుకుని వచ్చాడు. ఆ రాత్రి నాకు తెలుగులోనే ఏడవాలనిపించింది, ఏడ్చాను. మా షేరింగ్ ఇంట్లో వాళ్ళు మరుసటి రోజు నుంచి చీకటి పడితే నన్ను ఒంటరిగా పంపలేదు, అది వేరే సంగతి. కాబట్టి మనోళ్ళతో తెగదెంపులు చేసుకోమని నేననను. నంబర్లు ఉండాలి, నెలకోసారి పోయి అన్నం తినిరావాలి, దసరాకో దీపావళికో కలవాలి. ఉండే ఇల్లు మాత్రం వేరే కావాలి.

డబ్బు సంగతి ఇంకా కష్టం. స్టూడెంట్ వీసా ఫీజునే 2025 జూలైలో 2,000 ఆస్ట్రేలియా డాలర్లకు పెంచారు. పైన హెల్త్ కవర్, టికెట్. మనోళ్ళ ఇంట్లో హాల్లో పడుకుంటే మిగిలేదాన్ని నేను అద్దెకు పోశాను. కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల వరకు పని చేసుకోవచ్చు కాబట్టి ఒక కేఫ్‌లో గిన్నెలు కడిగి ఆ తేడా పూడ్చుకున్నాను. మా నాయనకు యూనిట్ ఉంది, నేను ధైర్యం చేయగలిగాను. అప్పు తప్ప ఆధారం లేని పిల్ల ఇదే సలహా నన్నడిగితే, మొదటి నెల మనోళ్ళ దగ్గరే ఉండి ఖర్చు కూడదీసుకో, పని దొరికాక మారు అంటాను. సలహా అందరికీ ఒకటే కాదు. స్కాలర్‌షిప్పులు ఇచ్చేవాళ్ళు ఫీజు, టికెట్ దగ్గర ఆగకుండా అద్దెను కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ తిప్పలే ఉండవు. ఎవరితో ఉండాలన్నది డబ్బు తేల్చకూడదు.

మన దగ్గరికి వచ్చినవాళ్ళు

పని మనుషులను కలుపుతుందని ఇంతసేపు చెప్పాను. దానికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు జాలర్లకు పాడు అనే పద్ధతి ఉంది. మంచి చోట్లలో వల వేయడానికి వంతులు. ఎవరూ ఎక్కువ దోచుకోకుండా, గొడవలు రాకుండా తరాలుగా నడిచిన ఏర్పాటు. చదువుతుంటే ముచ్చటేస్తుంది. కానీ ఆ వంతు పుట్టుకతో వచ్చేది. బయటివాళ్ళు ఎంత పనిమంతులైనా వాళ్ళకు అందులో చోటు దొరకడం కష్టం. అంటే పని ఒక్కటే చాలదు, ఆ పనిలోకి రానిచ్చే మనసు అక్కడివాళ్ళకు ఉండాలి. నాకు గ్లవ్స్ ఇచ్చిన ముసలాయన ఇవ్వకపోయి ఉంటే నేను కూడా కానింగ్టన్‌లోనే ఉండిపోయేదాన్ని.

ఇది తలచుకుంటే మన ఊళ్ళే గుర్తొస్తాయి. మన వైపు కాలేజీల్లోనూ టాంజానియా, సూడాన్ లాంటి దేశాల నుంచి వచ్చి చదివేవాళ్ళు ఉన్నారు. నాకు తెలిసిన ఒక కాలేజీలో ముగ్గురు మెస్‌లో చివరి టేబుల్ దగ్గరే తినేవాళ్ళు. ఊళ్ళో అద్దెకు ఇల్లడిగితే, ముందు సరేనన్నవాళ్ళు కూడా మొహం చూశాక లేదన్నారు. చివరికి ముగ్గురూ కలిసి ఊరి చివర ఒక ఇంట్లో చేరారు. వాళ్ళోళ్ళ రూం. వాళ్ళెవరితో కలవరండీ అని అదే కాలేజీలో అనేవాళ్ళు. పండగకు పిలిచినవాళ్ళు లేరు, ప్రాజెక్టులో జత చేసినవాళ్ళు లేరు, ఎట్లా కలుస్తారు? పెర్త్ వెళ్ళే మన పిల్లలకు నేను చెప్పే సలహా ఆ ముగ్గురికి చెబితే అన్యాయమే అవుతుంది.

అందుకే నా ఆలోచన ఇప్పుడు ఇక్కడికి మళ్ళింది. మన జిల్లాకు సముద్రం లేదని, మనం పంపేవాళ్ళమే గానీ రప్పించుకునేవాళ్ళం కాదని ఎందుకు అనుకోవాలి? సముద్రం చదవాలనుకునే పిల్లలకు చూపించడానికి 190 కోట్ల ఏళ్ళ సముద్రపు రాయి మన దగ్గరుంది. గండికోట దగ్గర రాతిని కోసుకుంటూ పోయే పెన్న ఉంది. ఆ పెన్న ఆనకట్టలన్నీ దాటుకుని నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేటప్పటికి ఎంత నీళ్ళు మిగులుతున్నాయి, ఎంత ఇసుక చేరుతోంది, అక్కడి చేపకు అది చాలుతోందా అన్నది ఏ దేశపు విద్యార్థికైనా ఒక సెమిస్టర్‌కు సరిపడా పని. బయటి నుంచి పదిమంది వస్తే, మన పిల్లలు పదిమందిని వాళ్ళతో జతచేసి ఒకే హాస్టల్‌లో, ఒక్కో గదిలో ఇద్దరిద్దరిని ఉంచాలి. వంట వంతులవారీగా. ఫీల్డ్ పుస్తకం ఒకటి పెట్టి, ఏటా అవే చోట్ల కొలిచి, తర్వాతి బ్యాచ్‌కు అప్పగించాలి.

మా పాత జువాలజీ మేడమ్‌తో మాట్లాడాను. ముందు మన పిల్లలతోనే ఒక చిన్న ట్రిప్ వేసి చూద్దామన్నారు. సంక్రాంతి సెలవులయ్యాక వెంపల్లెలో మొదలుపెట్టి, గండికోట మీదుగా, ఊటుకూరు దాకా. జతలు చీటీలు వేసి తీయాలని, ఇంటిపేర్లు రాయకూడదని నేను పెట్టిన షరతుకు ఆవిడ ఒప్పుకున్నారు. ఎర్రగుంట్ల అమ్మాయి పెర్త్ వెళ్ళేది జూలైలో కాబట్టి తనను కూడా రమ్మన్నాను.